ఒలిచి పంపిన గింజలు

ధారవాడ,
జూన్ 18

శిల్పీ,

ఈ ఉత్తరం చూసి నవ్వుతావని తెలుసు. చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరమేమిటే అంటావు. నీ ఫోను నీ చేతిలో కంటే మీ ఆయన రంగనాథ చేతిలోనే ఎక్కువ ఉంటుంది. నేను పంపే మెసేజి నీకంటే ముందు ఆయన చదువుతాడు. తెలుగు అక్షరం మాత్రం ఆయనకు రాదు. ఇంట్లో తెలుగు మాట్లాడి బళ్ళో కన్నడం రాసిన వాళ్ళం మనమంతా. హొసకోట హాస్టల్లో వంట చేసే రంగక్క మన ఇద్దరినీ కూర్చోబెట్టి పలక మీద అ ఆలు దిద్దించింది, అది ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది. ఇక్కడ నా గదిలో అమ్మాయిలకు కూడా తెలుగు చదవడం రాదు. కాబట్టి ఏదైనా రాసుకోవచ్చు.

దీనితోపాటు ఒక అట్టపెట్టె పావగడ బస్సులో వేస్తున్నాను. మా తమ్ముడు గోపికృష్ణ దించుకుని బలసముద్రంలో మీ ఇంటికి తెచ్చిస్తాడు. తడిపిన కొబ్బరిపీచులో చుట్టిన కొమ్మలు ఉంటాయి. నవ్వకు, ఇలాంటివి లోకంలో ఇంకెక్కడా లేవు.

బయాలజీలో ఎప్పుడూ నువ్వే ఫస్టు, ఒక్కసారికే అర్థమవుతుంది. మనం తినే వేరుశనగకు కణంలో నలభై క్రోమోజోములు. దక్షిణ అమెరికాలో పెరిగే దాని అడవి చుట్టాలకు ఇరవయ్యే. ఎప్పుడో రెండు వేరు వేరు అడవి జాతులు కలిసి ఒక బిడ్డ మొక్క పుట్టింది. తల్లి నుంచి పది, తండ్రి నుంచి పది. అది పూస్తుంది గానీ కాయదు. తల్లి పదికీ తండ్రి పదికీ జత కుదరదు, జత కుదరకపోతే గింజ లేదు. ఒకనాడు ఆ మొక్కలో ఇరవై రెట్టింపై నలభై అయ్యాయి. ప్రతిదానికీ తనలాంటి జత దొరికింది, కాయ పడింది. మీ ఇంట్లో బస్తాల్లో ఉన్న కాయలన్నీ ఆ వంశమే అంటారు.

నేను అదే పని మళ్ళీ చేశాను. రెండు అడవి జాతులను కలిపాను. గొడ్డు మొక్క పుట్టింది. దాని చిగుళ్ళకు మందు పెట్టి రెట్టింపు చేశాను. మూడేళ్ళు పట్టింది. ఇవి కాసి, ఆ గింజ వేరులో నలభై కనిపిస్తే వేరుశనగ ఎలా పుట్టిందో నేను మళ్ళీ పుట్టించి చూపినట్టే. నా డాక్టరేటు మొత్తం దీని మీదే నిలబడి ఉంది. ఇక్కడి నల్లరేగడిలో వానకు వేర్లు కుళ్ళి మొక్కలు పోతున్నాయి. మిగిలినవి ఈ కొమ్మలే. వీటికి మన ఎర్ర ఇసుక నేల, మన ఎండ కావాలి.

ఊరికే చేయమనడం లేదు. మా ప్రాజెక్టులో పొలం పనులు చూసుకునే అసిస్టెంటు పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. జీతం ఉంటుంది, ఉండడానికి గది ఇస్తారు. వీటితో గింజ కట్టించావంటే మా మేడం ముందు నీ పేరే పెడతాను. ఆ సోలారు ప్యానెళ్ళు కడిగే పని వదిలేసి ఇక్కడికొచ్చి డిగ్రీ కూడా కట్టుకోవచ్చు. మీ నాన్న జయరామప్ప పీయూసీ తర్వాత నిన్ను మాన్పించిన రోజు నువ్వు ఏడవలేదు, నేను ఏడ్చాను.

నీ,
సవిత

బలసముద్రం,
జూలై 9

సవితా,

నీ కొమ్మలు చేరాయి. మీ తమ్ముడు పెట్టెను తలకిందులుగా పట్టుకుని, ఒక చేత్తో బండి నడుపుకుంటూ తెచ్చాడు. లోకంలో ఇంకెక్కడా లేనివి అని రాశావు గానీ ఆ ముక్క అతనికి చెప్పినట్టు లేదు. రెండు కొమ్మలు వాడిపోయాయి, మిగిలినవి నాటుకున్నాను.

మా భూమి సోలారుకు ఇచ్చాక కంచె పక్కన ఇంత నేల చెక్క మిగిలింది. అక్కడ పాత చీర కట్టి నీడ చేశాను. మా అత్త ఈరక్క వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏందే అది?"

"శెనక్కాయ అత్తా."

"శెనక్కాయకి గింజ నాటుతారా, కొమ్మ నాటుతారా? మీ అమ్మ నీకు సేద్యం ఇట్లనే నేర్పించినాదా?"

ఆయనేమో నీ ఉత్తరాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "ఏం రాసినాది?" అన్నాడు. నీళ్ళు పోయమని రాసింది అన్నాను. "నీళ్ళు పోయమనేదానికి ఇన్ని పేజీలా?" అన్నాడు. నిజమే కదా అనిపించింది.

మా బోరు ఎండిపోయి చాలా కాలమైంది. ప్యానెళ్ళు కడగడానికి మాత్రం టాంకరు తప్పకుండా వస్తుంది. అద్దాలకు స్నానం, మనుషులకు తుడుచుకోవడం. పని ముగిసే వేళ సూపర్‌వైజరు అటు తిరిగితే నేను కడవ నింపి కంచె కింద నుంచి ఇవతలికి తోస్తాను. నీ అడవి బిడ్డలు తాగేది ఆ దొంగ నీళ్ళే. చూడగా చూడగా అవి బతికేలాగే ఉన్నాయి.

ఇక అసలు మాట. ఆ పోస్టు సంగతి నిజమేనా? నిజం కాకపోతే ఇప్పుడే చెప్పు. అప్పుడూ నీళ్ళు పోస్తాను, కాకపోతే తిట్టుకుంటూ పోస్తాను. ఆశ పెట్టి ఆడించవద్దు సవితా. నేను అప్పుడే దాని మీద బతకడం మొదలుపెట్టాను. ప్యానెళ్ళు తుడుస్తూ ఆ గదికి కిటికీ ఎటువైపు ఉంటుందా అని ఆలోచిస్తున్నాను. మా ఆయన కొట్టడు, తాగడు, నలుగురిలో మంచివాడే. కానీ ఈ ఇంట్లో నేను ఒక మాట అంటే అది వినేవాళ్ళు లేరు. ఇలాగే ముసలిదాన్ని అవుతానేమో అని భయం.

శిల్ప

ధారవాడ,
ఆగస్టు 20

శిల్పీ,

నిజమా అని ఇంకోసారి అడిగావంటే కోపం వస్తుంది. నేను నీతో ఎప్పుడైనా అబద్ధమాడానా? నువ్వు గింజ చూపించు, మిగతాది నేను చూసుకుంటాను.

గోపి ఫోనులో పంపిన ఫొటోలు చూశాను. బంగారం. అన్నీ పాకుతున్నాయి, పసుపు పూలు వచ్చాయి. ఒక చిక్కు ఉంది. కంచె వైపున్న రెండు మొక్కలకు పూలు విపరీతంగా ఉన్నాయి, పువ్వు రాలాక కాయ పెట్టే ఊడ ఒక్కటి కూడా నేలలోకి దిగలేదు. వాటిలో మందు పట్టలేదు, అవి ఇంకా ఇరవైలే. వాటిని పీకి పారెయ్యి. నీకు జాలి ఎక్కువ, పూలు పూస్తున్నాయి కదా ఉండనీ అంటావు. ఇరవై ఉన్నది బతికినన్నాళ్ళూ పూస్తూనే ఉంటుంది, దానివల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు. నీళ్ళు దండుగ.

మిగతావాటికి ఊడలు దిగాక చుట్టుపక్కల అడుగు పెట్టకు. మన వేరుశనగలాగా మొదలు దగ్గరే గుత్తిగా కాయవు. ఊడ నేలలో మూరెడు దూరం పరిగెత్తి ఒక గింజ, ఇంకాస్త పోయి ఇంకో గింజ పెడుతుంది. మొక్కను లాగితే కాయలన్నీ తెగి మట్టిలోనే ఉండిపోతాయి.

ఇక్కడ గీత అనే అమ్మాయి కుండీలకు నీళ్ళు పోస్తుంది. నెమ్మదస్తురాలే గానీ నీలాగా మొక్క మనసు తెలిసిన మనిషి కాదు. ఎప్పుడూ నిన్నే తలుచుకుంటాను.

సవిత

బలసముద్రం,
సెప్టెంబరు 30

సవితా,

నీ ఇరవైలను పీకాను. నువ్వు రాసిన మాటలు చదివి రెండు రోజులు పీకలేదు, మూడో రోజు కళ్ళు మూసుకుని పీకాను. అంతగా పూసిన మొక్కను పీకడం ఎప్పుడూ చేయలేదు. నువ్వు మైక్రోస్కోపులో చూసి చూసి ఇలా మాట్లాడడం నేర్చుకున్నావేమో. పోనీలే, నీ పని అలాంటిది.

మిగిలినవాటికి ఊడలు దిగాయి. నువ్వు చెప్పినట్టే అంత పొడవు! ఒకటి చెక్క దాటి మా అత్త తులసి దగ్గరికి పోయింది. అత్త దాన్ని పట్టుకుని లాగబోతే నేను అరిచిన అరుపుకు ఆమె కొంగు జారింది. ఇప్పటిదాకా ఆమె ముందు గొంతెత్తలేదు నేను. "పురుగు కుట్టినాదా ఏందే?" అంది. లేదత్తా, అది నా ఉద్యోగం అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయనకు కూడా చెప్పేశాను, ధారవాడలో పని దొరికితే పోతానని. అన్నం ముద్ద మళ్ళీ కంచంలో పెట్టాడు. "పో. మళ్ళ నా పేరు చెప్పొద్దు" అన్నాడు. అది సరే అన్నట్టా, వద్దన్నట్టా, నాకు తెలియలేదు. నేను సరే అన్నట్టే తీసుకున్నాను.

మధ్యాహ్నం కంచె అవతల గడ్డి కోసే ఆడవాళ్ళు నన్ను చూసి నవ్వుతారు. "బిడ్డకి పాలిచ్చేదానికి పోతావుండాది" అంటారు, నేను పరిగెత్తుకుంటూ ఇంటికి పోతుంటే. అననీ.

దసరాకి వస్తావు కదా. మీ ఇల్లు మాకు రెండు సందుల అవతలే, నీ కళ్ళతో చూసిపో. ధారవాడకి ఏమేం తెచ్చుకోవాలో కూడా నోటితో చెబుదువు.

నీ శిల్ప

ధారవాడ,
నవంబరు 6

శిల్పా,

దసరాకి రాలేకపోయాను. ల్యాబులో పని, మేడం వదల్లేదు. అమ్మ కూడా బాధపడింది.

ఇక ఆలస్యం చేయకు, తవ్వడం మొదలుపెట్టు. కొడవలి, పార వద్దు, చేత్తోనే. మట్టినంతా జల్లెడ పట్టు. కాయలు నీడలో ఆరబెట్టి పంపు. ఒలవకు, కాయలుగానే పంపు. కాయ ఆకారం కూడా నాకు సాక్ష్యమే. జనవరిలో పెద్ద సెమినారు ఉంది, బయటి నుంచి ప్రొఫెసర్లు వస్తున్నారు. అక్కడ చూపించాలి. తొందరపడు.

సవిత

బలసముద్రం,
డిసెంబరు 10

గౌరవనీయులైన సవిత మేడం గారికి,

నమస్కారాలు. తమరు కోరిన గింజలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఒలవవద్దని తమరు రాశారు. ఆరబోసిన చోట మా అత్త కూర్చుని ఒలిచేసింది, పెద్దావిడ, ఏమనగలను. పొట్టు కూడా పొయ్యిలో వేసింది. క్షమించగలరు. గింజలు చిన్నగా, ముడుచుకుని ఉన్నాయి. అడవి బిడ్డలు కదా, అలాగే ఉంటాయేమో. తమరికే బాగా తెలుసు.

దసరాకి రాలేకపోయానని రాశారు. అంత పనిలో ఉండి మాలాంటి వాళ్ళను గుర్తుపెట్టుకోవడమే గొప్ప.

నా పోస్టు గురించి ఒక్క మాట రాయండి. ఉన్నదున్నట్టు రాయండి. తొందరేమీ లేదు, ఆలోచించుకునే రాయండి.

ఇట్లు,
శిల్పశ్రీ

ధారవాడ,
జనవరి 22

శిల్పా,

నలభై! నలభై! నలభై!

ఒలిచినందుకు నిన్ను చంపాలనుకున్నాను. గింజలు మొలకెత్తించి వేరు కొసలు కోసి, రంగు పట్టించి అద్దం కింద పెట్టాక అన్నీ మర్చిపోయాను. ఎన్ని సార్లు లెక్కపెట్టినా నలభయ్యే. తర్వాత తల్లి జాతికి ఎరుపు రంగు, తండ్రి జాతికి ఆకుపచ్చ రంగు అంటుకునేలా చేశాం. సగం ఎర్రగా, సగం పచ్చగా వెలిగాయి. ఒక జత మాత్రం మిగిలినవాటి కంటే బాగా పొట్టి, అది తండ్రి జాతి గుర్తు. పక్కన మామూలు వేరుశనగ పెట్టి చూస్తే అచ్చం అదే. మేడం అద్దంలో చూసి, నా భుజం మీద చెయ్యి వేసింది. సెమినారులో చప్పట్లు కొట్టారు. ఢిల్లీ నుంచి వచ్చిన ఆయన నా పేరు రాసుకున్నాడు. పేపరు వెంటనే పంపించమన్నారు.

నువ్వేమిటే మేడం గారూ, తమరూ అని రాశావు! వేళాకోళం మాని మామూలుగా రాయి.

పోస్టు సంగతి అడిగావు. శాయశక్తులా ప్రయత్నించాను శిల్పా. డిగ్రీ ఉండాలని కొత్తగా రూలు తెచ్చారు, పీయూసీ చాలదట. నా చేతిలో ఏమీ లేదు. అయినా ఆలోచించు, ఇక్కడ నువ్వు ఒక్కదానివే ఎలా ఉంటావు? రంగనాథ మంచివాడని నువ్వే రాశావు. ఉన్నది పాడుచేసుకోకు. పేపరు చివర నీకు కృతజ్ఞత చెప్పాలని మేడంతో పోట్లాడాను. పేరు కుదరదంది, 'ఒక రైతు మహిళ సహకారంతో' అని వేస్తున్నాం. ఇంగ్లీషులో వస్తుంది, లోకమంతా చదువుతారు.

ఈసారి వచ్చినప్పుడు నీకు మంచి ఇల్కల్ చీర తెస్తాను.

సవిత

బలసముద్రం,
ఫిబ్రవరి 3

సవిత గారికి,

ఉత్తరం చేరింది. చాలా సంతోషం. మొక్కల పని అయిపోయింది కనుక ఆ చెక్కలో కొత్తిమీర చల్లాను.

శిల్పశ్రీ

ధారవాడ,
ఏప్రిల్ 14

నా బంగారు శిల్పీ,

నీ ఫోనుకు చేస్తుంటే రంగనాథ ఎత్తి, పనికి పోయినాది అని పెట్టేస్తున్నాడు. గోపిని పంపితే నువ్వు తలుపు తీయలేదట. ఎందుకే? నా మీద కోపమా? ఉంటే తర్వాత కొట్టు. ఇప్పుడు నన్ను కాపాడు.

నువ్వు పంపిన గింజల్లో కొన్ని కుండీల్లో వేశాను. అవి పాకలేదు శిల్పా. నిలువుగా లేచాయి. మొదట్లోనే చూశాను, చూసి కూడా ధారవాడ నేల అలాంటిదిలే అని నాకు నేను చెప్పుకున్నాను. పోయిన నెల మేడం కుండీల దగ్గర ఆగి, "ఇవి అడవి మొక్కల బిడ్డలా? పాకవేం?" అంది. ఒకటి పీకింది. మొక్క మొదలు దగ్గర గుత్తిగా, రెండేసి గింజల కాయలు. ఆ చోట అందరూ ఉన్నారు. గీత కూడా ఉంది.

డీఎన్ఏ పరీక్షకు పంపారు. మన పావగడ సీమలో అందరూ వేసే మామూలు రకం అని వచ్చింది. నేను బజారు గింజలు తెచ్చి లెక్కపెట్టి సెమినారులో చప్పట్లు కొట్టించుకున్నానని అంటున్నారు. దొంగ అంటున్నారు శిల్పా. పేపరు వెనక్కి తీసుకున్నారు. కమిటీ పెట్టారు. అసలు గింజలు తెచ్చి చూపించకపోతే ఈ నెలతో ఫెలోషిప్పు ఆపేస్తారు. మళ్ళీ మొదటి నుంచి చేయడానికి నాకు ఇంకో మూడేళ్ళు ఎవరిస్తారు?

ఎక్కడో మారిపోయి ఉంటాయి. మీ అత్త ఒలిచేటప్పుడు మీ ఇంటి కాయలతో కలిసిపోయాయేమో. అటక మీద చూడు. డబ్బాల్లో చూడు. ఆ చెక్కలో కొత్తిమీర పీకేసి మళ్ళీ జల్లెడ పట్టు. ఒక్క గింజ చాలు. ఒక్కటి మొలిస్తే చాలు, నేను బయటపడతాను.

గీత వచ్చే నెల పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతోంది. ఆ పోస్టు నీదే. డిగ్రీ రూలు లేదు, ఏ రూలూ లేదు, మా అమ్మ మీద ఒట్టు. గింజ తీసుకుని నువ్వే రా, గింజ మేడం చేతిలో నువ్వే పెట్టు, ఆ రోజే చేరిపో.

వెంటనే జవాబు రాయి.

నీ, నీ, నీ
సవిత

బలసముద్రం,
ఏప్రిల్ 27

ఏమే సవితా,

మళ్ళీ ఏమే అంటున్నానని సంతోషించకు. ఏడుస్తున్నదానికి మర్యాదలెందుకని మానేశాను, అంతే.

అటక మీద వెతకమన్నావు. వెతకలేదు. అక్కడ లేవని నాకు తెలుసు. మా అత్త ఏమీ ఒలవలేదు, పాపం ఆమె పేరు ఊరికే వాడుకున్నాను. నీకు పంపినవి మంగళవాడలో మా నాన్న చేనులో పరిగె ఏరిన కాయలు. అందులో గిడసబారినవి చూసి చూసి తీశాను. కాయతో పంపితే మొదటి కాయకే గుర్తుపడతావని నేనే ఒలిచాను. ఆ ఒలిచిన గింజకూ నలభయ్యే, నీ గింజకూ నలభయ్యే. నువ్వు రాసిన మొదటి ఉత్తరంలోనే అది ఉంది. లెక్క పెట్టడం వరకూ నీకు తేడా తెలియదని నాకు నమ్మకం కుదిరింది. బయాలజీలో ఎప్పుడూ నేనే ఫస్టు కదా.

దసరా అయిన రెండో రోజు మీ అమ్మ కదిరమ్మ మా ఇంటికొచ్చి నా చేతిలో పేడా మిఠాయి పెట్టింది.

"తినమ్మా, మా సవిత తెచ్చినాది. ధారవాడ పేడా."

"సవిత వచ్చినాదా?"

"రెండు దినాలుండి పోయినాది. ఏం, నిన్ను కలవలేదా? పని ఉండాదని ఇల్లు కదల్లేదులే."

ఊరుకోలేక పోస్టు సంగతి అడిగాను. మీ అమ్మకు కపటం తెలియదు. నీ తెలివి నాకు చెప్పి మురిసిపోవాలనుకుంది.

"ఆ పనికి జూలైలోనే గీతని ఎవర్నో పెట్టుకున్నారంట గదా. నేనూ అడిగినా, శిల్పకిస్తానంటివి గదే అని. అట్ల చెప్పకుంటే అది చేస్తాదామ్మా అన్నింది. నాయన గొర్రెల మందని ఎట్ల తోలుకుపోతాడు, ముందర ఇంత పచ్చని రెమ్మ పట్టుకుంటే గొర్రె యాడికైనా వస్తాది, ఇదీ అంతే అన్నింది. నగి నగి సచ్చినా నేను."

ఆ పేడా నా నోట్లో ఉంది అప్పుడు. ఉమ్మడానికి మీ అమ్మ ఎదురుగా ఉంది. మింగాను.

ఆ రోజే నీ మొక్కలు పీకేశానని నువ్వు అనుకుంటావు. పీకలేదు. తవ్వాను. చేత్తోనే తవ్వాను, మట్టినంతా జల్లెడ పట్టాను. నీ అసలు గింజలు ఉన్నాయి సవితా. ఆ మొక్కలు కాశాయి. నువ్వు చెప్పినట్టే ఒంటి గింజ కాయ, సన్నని కాడ, మళ్ళీ ఒంటి గింజ. చూడగానే ఒక్కొక్కటే కొంగులోకి ఏరుకున్నాను. ఇంత కష్టపడి చేసింది నిజమైందని నీకోసం కూడా సంతోషపడ్డాను. వాటిని ఉప్పు డబ్బాలో దాచి, పరిగె గింజలు నీకు పంపి, పోస్టు సంగతి అడిగాను. ఉన్నదున్నట్టు రాయమన్నాను. గీతకి ఇచ్చేశాం, నీకు అబద్ధం చెప్పాను అని ఒక్క ముక్క రాసినా చాలు, ఉద్యోగం లేకపోయినా ఆ డబ్బా నీకు చేరేది. నువ్వు డిగ్రీ అన్నావు, రూలు అన్నావు, నాకు కాపురం చేసుకొమ్మని బుద్ధి చెప్పావు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. హాస్టల్లో ఒకే దుప్పటిలో పడుకున్నదానికి నీ పేపర్లో పేరు కూడా లేదు, ఒక రైతు మహిళ.

ఆ ఉత్తరం వచ్చిన సాయంత్రం మూకుడులో ఇసుక పోసి పొయ్యి మీద పెట్టాను. ఇసుక కాగాక నీ గింజలు పోశాను. బాగా వేగేదాకా తిప్పాను. పచ్చి మిగిలితే మొలకెత్తుతుందేమోనని నాకే భయం. అత్త వాసనకు వచ్చింది.

"ఏందే, ఇంత చిన్నయి?"

"ధారవాడ రకం అత్తా."

"రకమంటే రకమే. రుచిగా ఉండాయి" అంది. మా ఆయన బెల్లం ముక్క నంజుకుంటూ తిన్నాడు. తీగలు మీ నాన్న మందకే వేశాను. అవి కూడా మారు మాట లేకుండా తిన్నాయి.

ఇప్పుడు పోస్టు నాదే అంటున్నావు, తల్లి మీద ఒట్టు పెడుతున్నావు. ఈసారి నిజమే అయి ఉంటుంది, అంత ఏడుపులో అబద్ధం రాయలేవు. నాకు ఆ పని ఇప్పటికీ కావాలి. ఒక్క గింజ మిగిలి ఉన్నా ఇప్పటికిప్పుడు బస్సెక్కి వచ్చి నీ కాళ్ళ దగ్గర పెట్టి ఉండేదాన్ని. నా సంగతి నాకు తెలుసు. అందుకే ఆ రోజు ఒక్కటి కూడా మిగల్చలేదు.

ఇది చదివి కూడా నువ్వు ఆశపడతావు, ఎక్కడో ఒకటి దాచే ఉంటుందిలే అని. ఆశ ఎలా ఉంటుందో తెలిసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, లేదు.

ఒకటి మాత్రం నీకు చెప్పాలి, మూడేళ్ళు కష్టపడ్డావు. నేను కూడా తిన్నాను. తొందరపడకుండా నమిలాను. చేదు లేదు, అడవి వాసన లేదు, అచ్చం మన శెనక్కాయే. నువ్వు చెప్పిందంతా నిజం సవితా. ఆ సంగతి లోకంలో నాకొక్కదానికే తెలుసు. మీ కమిటీ నా మాట నమ్మదు.

శిల్పశ్రీ